అక్క ఊరు, చెల్లె ఊరు

“బాత్రూంల కొత్త బకెట్ పెట్టు సంగీతా, మగ్గు గూడ. ఫిన్లాండ్ నుంచి గెస్టులు వస్తున్నరు. ఒకామె మనింట్లనే ఉంటది,” అన్నాడు మా ఆయన బలరాం. అప్పుడు నేను ఆ బాత్రూంలోనే చీర ఎగ్గట్టుకుని టైల్స్ రుద్దుతున్నాను. గుమ్మంలో నిలబడి నా వీపుతో మాట్లాడుతున్నాడు. మూడు రోజులు ఉంటుందట. కారం తక్కువ వెయ్యాలట. దోమతెర కొనాలట. ఇన్ని చెప్పిన మనిషి, ఆమె పేరేమిటో మాత్రం చెప్పలేదు. అడిగితే, “ఎవరో ముసలామె. పాటలు పాడ్తదంట,” అని ఫోన్ చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో ఉంటుంది మా పట్నం. ఒక పక్క అడవి, ఒక పక్క నదీ కాగితం మిల్లూ. ఫిన్లాండ్‌లో కూడా సరిగ్గా ఇట్లాంటి ఊరే ఒకటి ఉందని, అక్కడా అడవీ నదీ కాగితం మిల్లూ ఉన్నాయని ఎవరో కనిపెట్టారు. రెండు ఊళ్ళూ సిస్టర్ సిటీలు కావాలని కాగితాలు నడిచాయి, కమిటీ పడింది. కాలేజీ లెక్చరర్‌గా మా ఆయన అందులో సభ్యుడు. ఊళ్ళు రెండూ అక్కచెల్లెళ్ళట, కమిటీలో మాత్రం ఒక్క ఆడమనిషీ లేదు. ఆ మాట నాకు రుద్దుతూ రుద్దుతూ తట్టింది. నాలో నేనే నవ్వుకున్నాను.

వచ్చినామె పేరు హెల్వి. అరవై దాటి ఉంటాయి. తాటిచెట్టంత ఎత్తు, తెల్లటి పొట్టి జుట్టు. నాలాగే ఆమె కూడా ఇంగ్లీషును మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుని మాట్లాడుతుంది. అందుకే ఒకరికొకరం బాగా అర్థమయ్యాం. మా ఆయన నన్ను ఆమెకు పరిచయం చేస్తూ, “మా మిసెస్. ఇంట్లనే ఉంటది. టైంపాస్‌కి ఒక ప్రైవేట్ స్కూల్ల చిన్నపిల్లలకు చెప్తది,” అన్నాడు. ఆ టైంపాస్ కోసం నేను పొద్దున చీకటితో లేచి అందరికీ టిఫిన్లు, డబ్బాలు కట్టి, అత్తమ్మకు షుగర్ గోళీ ఇచ్చి, ఆఖర్న నా జడ వేసుకుంటూ ఆటో ఎక్కుతాను. హెల్వి ఆయన మాట విని తలూపి, నా చేతులకేసి చూసింది.

మర్నాడు పొద్దున నేను వంటింట్లో ఉంటే వచ్చి పీట మీద కూర్చుంది. ఏమీ అడక్కుండానే వెల్లుల్లి గడ్డ అందుకుని ఒలవడం మొదలుపెట్టింది. మా అత్తమ్మ సక్రి చూసి బుగ్గలు నొక్కుకుంది. “దేశం గాని దేశం నుంచి వచ్చిన మనిషితోని పని చేపిస్తవా? బలరాం చూస్తె ఏమన్న అనుకుంటడు.” నా చేతిలో రోజూ చేటెడు పని చూసి ఏమీ అనుకోని బలరాం, ఆమె చేతిలో నాలుగు రెబ్బలు చూసి ఏమనుకుంటాడా అని నాకూ కుతూహలంగానే ఉండింది.

“మీరు ఏం పాటలు పాడతారు?” అని అడిగాను.

“పాటలని కాదు. ఏడుస్తాను,” అంది హెల్వి. “ఏడవడం నేర్పిస్తాను కూడా. మా ఊళ్ళో శనివారాలు క్లాసు ఉంటుంది. నర్సులు, టీచర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు వస్తారు.”

నాకు నవ్వు ఆగలేదు. “మా దగ్గర ఆడవాళ్ళకు దానికి క్లాసులు అక్కర్లేదు,” అన్నాను.

ఆమె కూడా నవ్వింది. తర్వాత చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళు యుద్ధంలో సరిహద్దు అవతలి ఊరు వదిలి వచ్చారట. ఆ పక్క ఆడవాళ్ళకు రాగం తీసి ఏడ్చే అలవాటుందట. చావుకీ ఏడుస్తారు, పెళ్ళికీ ఏడుస్తారు. పెళ్ళికూతురి చేత ఏడిపించడానికి పెద్దావిడ ఒకామె పక్కనే ఉంటుంది. “అమ్మమ్మ రాగం ఎత్తుకుంటే మా అమ్మకు సిగ్గు. పక్కింటివాళ్ళు వింటారని కిటికీలు మూసేది. అమ్మ పోయాక గాని నాకు ఆ పాటలు కావాలనిపించలేదు. అప్పటికి అడగడానికి ఎవరూ లేరు. ముక్కలు ముక్కలుగా ఏరుకుని నేర్చుకున్నాను.”

చపాతీ మాడింది. స్టవ్ కట్టేసి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను. “మా లంబాడీ వాళ్ళల్లో కూడా ఉంది. ఢావ్లో అంటారు. అత్తగారింటికి పోయే ముందు పెళ్ళికూతురు ఒక్కొక్కరి మెడా పట్టుకుని ఏడుస్తూ పాడుతుంది. మాటలు ఎవరివి వాళ్ళే కట్టుకోవాలి.”

“నువ్వు ఏం కట్టావు?”

ఏమీ కట్టలేదు. నా పెళ్ళి కొత్తగూడెంలో ఫంక్షన్ హాల్లో జరిగింది. డీజే పెట్టారు. బలరాం వైపు నుంచి ఆఫీసర్లు వస్తున్నారని, ఆ తండా ఏడుపులు వద్దని ముందే కబురు వచ్చింది. మా అమ్మ పేరు పూలి. తన పెళ్ళిలో అయితే ఆమెను ఎద్దు మీద నిలబెట్టారట, చేతులు రెండూ ఎత్తి ఊరంతా వినేటట్టు పాడిందట. నేను స్టేజీ మీద సోఫాలో కూర్చుని ఫోటోలకు నవ్వాను. ఆ రోజు పాడి ఉంటే ఏం పాడేదాన్నో, ఎవర్ని ఏమనేదాన్నో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనుకోలేదు. ఇప్పుడు అది తెలుసుకోవాలని నాకు ఎంత ఆత్రంగా ఉందంటే, స్కూల్లో పిల్లలు నన్ను రెండుసార్లు పిలిస్తే గాని పలకలేదు.

ఆ మర్నాడు కమిటీ ప్రోగ్రాం ప్రకారం గెస్టులందరూ భద్రాచలం, పర్ణశాల పోవాలి. హెల్వి రానంది. మీ అమ్మను చూపిస్తావా అని నన్ను అడిగింది. బలరాం నన్ను పక్క గదిలోకి పిలిచాడు. “తండాకా? రోడ్డు చూసినవా, ఇల్లు చూసినవా? బాత్రూం గూడ సక్కగ లేదు. ఫోటోలు తీసి అక్కడ చూపెడ్తరు. మన ఇజ్జత్ ఏం గావాలె?”

ఆయన గొంతులో కోపం కంటే ఎక్కువగా ఇంకేదో ఉంది. అది నాకు తెలుసు. ‘మీ లంబాడా వాళ్ళు’ అంటూ మొదలుపెట్టే స్టాఫ్ రూం మాటల్ని ఆయన ఎన్నేళ్ళుగా నవ్వుతూ మింగుతున్నాడో తెలుసు. ఇంట్లో పిల్లలతో మా లంబాడీ బోలీ మాట్లాడొద్దని, తెలుగో ఇంగ్లీషో మాట్లాడాలని పెట్టిన రూలు కూడా దానివల్లే. తెలుసు గనకే ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఆ రోజు మాత్రం, “మీరు పర్ణశాల పొండి. మేము సాయంత్రానికి వస్తం,” అని స్కూలుకు సెలవు చెప్పి, హెల్వితో జూలూరుపాడు బస్సెక్కాను.

మా అమ్మ ఇంటి ముందర మిరపకాయలు ఏరుతోంది. హెల్వికి తుమ్ములే తుమ్ములు. “ఇంత పెద్దమనిషి ఇట్ల తుమ్ముతదేందే!” అని అమ్మ పడీపడీ నవ్వి, మంచం వేపచెట్టు కిందికి లాగింది. సిస్టర్ సిటీ సంగతి చెప్తే బుగ్గన వేలు పెట్టుకుని వింది. “మరి ఏ ఊరు అక్క, ఏ ఊరు చెల్లె?”

హెల్వికి చెప్పాను. ఆమె ఆలోచించి, “మా ఊరి మిల్లు కొత్తది. మేమే చెల్లెలు,” అంది. అమ్మకు ఆ జవాబు నచ్చింది. అక్క హోదాలో ఆమె పెనిమిటి ఏడున్నాడని అడిగింది. హెల్విని అడిగి, పోయాడని, మొన్న చలికాలమేనని చెప్పాను.

అమ్మ లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుని, కూర్చున్న హెల్వి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి రాగం ఎత్తుకుంది. మా దగ్గర కష్టం వచ్చిన ఆడమనిషి ఎదురైతే అట్లాగే పలకరిస్తారు. నేను కంగారుపడ్డాను, విదేశీ మనిషి ఏమనుకుంటుందోనని. హెల్వి కళ్ళు మూసుకుంది. కాసేపు విని, అమ్మ ఊపిరి తీసుకున్న సందులో తన రాగం అందుకుంది. వేరే భాష, వేరే గొంతు. కాని రెండు రాగాలూ ఒకే తీరుగా పైనుంచి కిందికి జారుతున్నాయి, చివర్న ఒకే తీరుగా ఊపిరి విరుగుతోంది. ఎవరు ఏమంటున్నారో ఎవరికీ చెప్పాల్సిన పని నాకు లేకుండా పోయింది. మొదటిసారి ఇద్దరి మధ్య ఊరికే నిలబడ్డాను.

అయిపోయాక అమ్మ ముక్కు చీది, ఏమీ జరగనట్టు చాయ్ పెట్టడానికి పోయింది. వెనకాలే వెళ్ళాను. “నాకెందుకు నేర్పలే యాడీ?” అమ్మను మేం యాడీ అనే పిలుస్తాం.

“మీ అత్తోళ్ళు వద్దన్నరు గద. నీకు సదువుండె. నీకెందుకులే అనుకున్న.” పొయ్యి ఊదింది. “నేర్సుకునేదేముందే. ఎవర్నన్న పిలవాలె. పిలిస్తె మిగతాది అదే వస్తది.”

ఆ సాయంత్రం టౌన్‌హాల్లో సభ. లంబాడీ డాన్సు చెయ్యడానికి కమిటీ పిలిస్తే, తండా నుంచి అమ్మా ఇంకో పది మంది ఆడవాళ్ళూ అద్దాల పేట్యా లంగాలు కట్టుకుని వ్యాన్లో వచ్చారు. నేను చీరలో మైకు పక్కన నిలబడ్డాను, గెస్టుల మాటలు తెలుగులోకి, మనవాళ్ళ మాటలు ఇంగ్లీషులోకి చెప్పడానికి. అనుకున్న మనిషి రాకపోతే నన్ను నిలబెట్టారు. వేదిక మీద మున్సిపల్ చైర్మన్ గారు, కమిటీ వాళ్ళు, బలరాం. ముందు వరసలో మా అత్తమ్మ. ఉపన్యాసాలయ్యాయి, శాలువాలయ్యాయి. డాన్సుకు అందరూ చప్పట్లు కొట్టి ఫోన్లలో తీసుకున్నారు.

తర్వాత హెల్వి తన ఏడుపు పాట పాడింది. వెనక వరసల్లో కిసుక్కున నవ్వులు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఆమె పట్టించుకోకుండా చివరిదాకా పాడి, “ఇట్లాంటిదే ఇక్కడి అమ్మల దగ్గర కూడా ఉంది. వాళ్ళు పాడితే వింటాను,” అంది. ఆ మాట తెలుగులో చెప్పి నేను మైకు అమ్మకు ఇవ్వబోయాను. డాన్సు చేసి చేసి ఆయాసపడుతోంది అమ్మ. మైకును నా వైపే నెట్టింది. “నువ్వు పిలువు,” అంది.

హాలంతా చూస్తోంది. ఎవర్ని పిలవాలో తెలియక, ఎదురుగా ఉన్న మనిషినే పిలిచాను.

“యాడీ...”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ తర్వాత మాటలు నేను వెతకలేదు. మా బోలీలో ఒకదాని కొంగు పట్టుకుని ఒకటి వచ్చాయి. ఎంత సేపు పాడానో తెలియదు. ఆపేసరికి అమ్మ చేతులు నా మెడ మీద ఉన్నాయి, తండా ఆడవాళ్ళందరూ సన్నగా రాగం కలుపుతున్నారు.

చైర్మన్ గారు ఇబ్బందిగా నవ్వి, “ఏమంటున్నరు బలరాం గారూ, మీ మేడం?” అన్నారు.

బలరాంకు ప్రతి మాటా అర్థమైంది. తన ముందున్న మైకు అందుకున్నాడు. “అతిథులకు స్వాగతం చెప్తున్నది సార్. మన రెండు పట్టణాల స్నేహం వర్ధిల్లాలె అంటున్నది.” గెస్టులకు ఇంగ్లీషులో కూడా అదే చెప్పాడు.

చప్పట్లు మోగాయి. హెల్వి చప్పట్లు కొట్టలేదు. నాకేసే చూస్తోంది. స్వాగతం పాట అట్లా ఉండదని ఆమెకు తెలుసు. పొద్దుట్నుంచీ అందరి మాటలకూ అర్థం చెప్పాను. నా మాటకు వేరే ఎవరో అర్థం చెప్తే నిలబడి విన్నాను. చప్పట్లు ఆగేదాకా ఆగి, నా మైకు మళ్ళీ ఎత్తాను.

“అది స్వాగతం పాట కాదండి. నా పెళ్ళినాడు నేను పాడాల్సిన పాట. అర్థం నేనే చెప్తాను.”

చెప్పాను. “అమ్మా, నువ్వు పంపిన ఇంట్లో ఎన్నో గదులున్నాయి, నేను కూర్చునే చోటు లేదు. ఎవరికి ఏ కూర ఇష్టమో నాకు తెలుసు, నాకేది ఇష్టమో నేనే మరిచిపోయాను. గుమ్మంలో చెప్పులతో పాటు నా భాషనూ విడిచాను. నా పిల్లలు నీతో మాట్లాడాలంటే మధ్యలో నేను నిలబడాల్సి వస్తోంది. నన్ను తెచ్చుకున్న మనిషి చెడ్డవాడు కాదమ్మా, అతనికి భయం. అతని భయాన్ని రోజూ నేనే ఉతికి ఆరేస్తున్నాను.” ఇంగ్లీషులో కూడా చెప్పాను, మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుని.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో మా అత్తమ్మ నన్ను కాదు, కొడుకును చూస్తోంది. చైర్మన్ గారు వందన సమర్పణ అన్నారు.

సభ అయ్యాక అమ్మ వాళ్ళు వ్యాన్ ఎక్కారు. హెల్వి అమ్మ పక్కనే కిటికీ దగ్గర నిలబడి ఏదో చెప్తోంది, అమ్మ ఏదో చెప్తోంది. హాల్లో కుర్చీలు మడిచి గోడకు చేరవేస్తున్నారు. బలరాం వేదిక మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి మాట్లాడాడు. మా బోలీలో మాట్లాడాడు. ఆయన నోట ఆ భాష విని ఎన్నేళ్ళయిందో.

“ఢావ్లో పాడుకుంట అన్న మాటకు ఎవ్వరు కోపం చెయ్యొద్దని మా నాయన చెప్పేటోడు. గందుకే పాట అయ్యేదాక ఊకున్న. తెలుగుల ఎందుకు చెప్పినవ్?”

నిజంగా అడుగుతున్నాడు. ముఖంలో కోపం ఉంది, కాని అడుగుతున్నాడు.

ఇంట్లో తెలుగులో ఆయన్ను ఎప్పుడూ మీరు అనే అంటాను. అప్పుడు మా బోలీలోనే, నువ్వు అనే చెప్పాను. “పాట మీద కోపం చెయ్యొద్దు, నిజమే. తెలుగుల చెప్పింది పాట గాదు, నా మాట. దాని మీద నువ్వు కోపం చెయ్యొచ్చు. చేసినంక జవాబు చెప్పాలె.”

మడవకుండా మిగిలిన కుర్చీ ఒకటి లాక్కుని, ఆయన ఎదురుగా కూర్చున్నాను.