రెండూ ఇరవైకి పుట్టినవాడు

"రాయి. జ్యోతి అంటే వెలుగు. వెలుగుల నడకని చదివేదే జ్యోతిషం" అన్నారు మా ఆయన. నేను గిన్నెలు తోముతున్నదాన్ని చేతులు తుడుచుకుని వచ్చి పెన్ను పట్టుకున్నాను. నాకు సెలవు వారానికి ఒక్కరోజు. జ్యోతిషం మీద సభలో చదవబోయే ఉపన్యాసానికి సాఫు ప్రతి రాయించుకోవాలని ఆయనకి గుర్తొచ్చేదీ ఆ రోజే. నా దస్తూరి బావుంటుందట. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన నాలో మెచ్చుకున్నది అదొక్కటే, అదీ తనకి పనికొస్తుంది గనక. సర్వే ఆఫీసులో మ్యాపులు గీసి గీసి రిటైరయ్యారు. ఇప్పుడు జాతకచక్రాలు గీస్తున్నారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటినుంచీ గీస్తారు.

"పూర్వం మనిషి విత్తనం ఎప్పుడు చల్లాలో, వరద ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి తలెత్తి ఆకాశం చూశాడు. శాస్త్రం పుట్టింది అక్కడ." ఆ మనిషి తలెత్తి చూస్తున్నంతసేపూ పొయ్యి దగ్గర ఇంకెవరో తల వంచుకుని ఉండాలి కదా అనిపించింది నాకు. అసలు చంద్రుణ్ని చూసి మొట్టమొదట రోజులు లెక్కపెట్టుకుంది నెల తప్పిన ఆడదే అయ్యుంటుంది. ఆ మాటే పైకి అన్నాను. "నీకు తెలిసిన విషయం కాదులే, చెప్పింది రాయి" అన్నారు.

నాకు తెలిసిన విషయం ఒకటుంది. ఇరవై ఆరేళ్లుగా ప్రసూతి వార్డులో నర్సుని. పుట్టిన సమయం రిజిస్టరులో ఎక్కించేది నేనే. బిడ్డ బయటికి రాగానే గడియారం చూడాలని రూలు. చూసే తీరికెవరికి? బిడ్డ ఏడవాలి, బొడ్డు కత్తిరించాలి, మాయ పడాలి, తల్లికి రక్తం ఆగాలి. అన్నీ అయ్యాక చేతులు కడుక్కుని, గోడవైపు చూసి, ఓ పది నిమిషాలు వెనక్కి వేసి రాసేస్తాను. నా రిజిస్టరులో ఏడో నిమిషంలోనో పదమూడో నిమిషంలోనో పుట్టిన బిడ్డ ఒక్కరూ లేరు. అందరి సమయానికీ చివర అయిదో సున్నానో ఉంటుంది. ఆ సమయం రాసిచ్చిన కాగితం పట్టుకుని తండ్రులు మా ఇంటికే వస్తారు. మా ఆయన సెకన్లతో సహా లెక్కకట్టి ఆ పిల్లల భవిష్యత్తు చెబుతారు.

నా భవిష్యత్తూ ఆయనే చెప్పారు. హెడ్ నర్సు ట్రైనింగుకి పిలిచినప్పుడు "ఈ రెండేళ్లూ నీకు గ్రహాలు బాగాలేవు" అన్నారు. రెండోసారి పిలిచినప్పుడూ బాగాలేవు. నాకన్నా ఆరేళ్లు చిన్నది ఇప్పుడు నా మీద హెడ్డు. తన కొడుక్కి ప్రమోషన్ తప్పినా, ఇంట్లో పాలు విరిగినా మా అత్తగారు "ఈవిడ కాలు పెట్టిన వేళ" అనేవారు. మా అబ్బాయిది మాత్రం రాజయోగం. మధ్యాహ్నం రెండూ ఇరవైకి పుట్టాడు మరి! వాడు తిన్న కంచం వాడు ఏనాడూ తీయలేదు. "వాడిది చేయించుకునే జాతకమే, చేసే జాతకం కాదు" అని వాళ్ల నాన్న మురిసిపోయేవారు. ఇప్పుడా కంచం మా కోడలు తీస్తోంది, తొమ్మిదో నెల కడుపుతో, నడుం పట్టుకుని.

మొన్న ఆ కడుపులో ఉన్నదానికీ చక్రం గీశారు. వచ్చే గురువారం పొద్దున్న పది నలభై రెండు. నెలలు నిండటానికి ఇంకా మూడు వారాలున్నాయి. "ఆపరేషన్ చేసి తీయిస్తే సరి. మీ డాక్టరమ్మతో నువ్వు మాట్లాడు, నీ మాట కాదనదు" అన్నారు. "నాన్న లెక్కేసి చెప్పారు కదమ్మా" అన్నాడు మా వాడు. కోడలు నా వెనకే వంటింట్లోకి వచ్చింది. "అత్తయ్యా, లోపల అంతా బానే ఉంది కదా. కడుపు కొయ్యడం ఎందుకు? నొప్పులొస్తే పడతాను" అంది. "చూద్దాంలేమ్మా" అని పొయ్యివైపు తిరిగాను. రోజుకి పదిమంది ఆడవాళ్లకి ధైర్యం చెప్పే నోరిది. చచ్చేంత సిగ్గేసింది.

ఉపన్యాసం ఆఖరి పేజీకి వచ్చేసరికి భోజనాల వేళయింది. వాళ్లు ముగ్గురూ బల్ల దగ్గర తింటున్నారు, నేను పక్కన కూర్చుని రాస్తున్నాను. "ఉదాహరణకి మా అబ్బాయి జాతకమే తీసుకుందాం. రాయి, రెండు గంటల ఇరవై నిమిషాలు. నాలుగు నిమిషాలు అటైనా ఇటైనా రాజయోగం లేదు, మామూలు బతుకే" అన్నారు. మా వాడు తినడం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కోడలు వాడి కంచం అందుకోబోయింది. నేను పెన్నుకి మూత పెట్టాను.

"నువ్వు కూర్చోమ్మా, వాడి కంచం వాడు తీస్తాడు" అన్నాను. "గురువారం నువ్వు ఆసుపత్రికి రానక్కర్లేదు. డాక్టరమ్మతో నేనేమీ మాట్లాడను. నొప్పులొచ్చినప్పుడు నాకు చెప్పు, చాలు."

"మతి పోయిందా?" అన్నారు మా ఆయన. "సమయం విలువేమిటో వీడి పుట్టుకలో చూడలేదూ?"

"చూశాను. వీడు పుట్టినప్పుడు గడియారం ఎవరూ చూడలేదు. నర్సమ్మ ఒక్కతే ఉంది, నాకు రక్తం ఆగక ఆవిడ అవస్థ ఆవిడ పడుతోంది. సమయం రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది. లోపలికొచ్చి మీరు నన్నడిగిన మొదటి మాట, 'టైమెంత?' అని. నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నాను. ఏదో ఒకటి చెబితే కాసిని నీళ్లిస్తారని, నోటికొచ్చింది చెప్పాను, రెండూ ఇరవై అని. మీరది పుస్తకంలో రాసుకుంటూ బయటికి వెళ్లిపోయారు. నీళ్లు మాత్రం ఇవ్వలేదు."