గోడకు అతికిన గుడ్డ

1972 ఆగస్టులో ఒక శనివారం ఉదయం ఆరున్నరకు లీదియా కనుకయ్యను గది ఖాళీ చెయ్యమంది.

అతను అప్పుడే కార్ఖానాలో రాత్రి పాళీ దిగి వచ్చాడు. వెంట్రుకల్లో, కనుబొమల్లో దూది నుసి ఉంది. గడప బయట తల దులుపుకుని, గొంతులో దూది దిగడానికి బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. దగ్గు వచ్చింది.

"అగో, మళ్ల," అంది లీదియా. "పిల్ల పానం తీస్తెగాని పోవా మామా?"

"డాక్టర్ ఛాతి ఫోటో తీసిండు గద బిడ్డా. టీబీ లేదన్నడు."

"నీ ఫోటోల ఏమున్నదో నీకెర్క. నేనైతే జూడలే."

కనుకయ్య ఆమె భర్త ఏసుదాసుకు మేనమామ. ఊరు విడిచి వలస వచ్చి, గైబీ నగర్‌ కార్ఖానాల్లో చాలా ఏళ్లుగా కరెంటు మగ్గాలు నడుపుతున్నాడు. ఏసుదాసుకు పని నేర్పింది అతనే. ఇద్దరికీ ఒకటే చాప. ఏసుదాసు పగటి పాళీకి పోయాక కనుకయ్య దాని మీద పడుకుంటాడు. రాత్రి ఏసుదాసు పక్కన, గోడవైపు, ఆరేళ్ల దెబోరా పడుకుంటుంది. వానలు మొదలైనప్పటి నుంచి ఆ పిల్ల రాత్రుళ్లు లేచి కూర్చుని ఊపిరి కోసం మెడ చాపుతోంది.

లీదియా అతని గ్లాసు వేరు చేసింది. తువ్వాలు బయట ఆరేసింది. పోయిన వారం అతను కార్ఖానాలోనే పడుకున్నాడు. పిల్లకు తగ్గలేదు. రోగం చాపలో మిగిలి ఉంటుందని లీదియా అంది. ఈ ఉదయం ఏసుదాసు మామ ముఖం చూడలేక తొందరగా పాళీకి వెళ్లిపోయాడు.

కనుకయ్య గోడ వారనున్న తన ట్రంకుపెట్టెను లాగాడు. గోడకు అతికించిన గుడ్డ పెట్టెకు అంటుకుని చిరిగి వచ్చింది. గోడ అవతల నూలుకు గంజి పట్టించేవాళ్ల నీళ్ల తొట్టి ఉంది. చెమ్మ పిల్లకు తగలకూడదని కనుకయ్య ప్రతి వానాకాలం కార్ఖానాలో మిగిలిన గుడ్డ తెచ్చి గంజితో అతికించేవాడు. పాతదాని మీదే కొత్తది. అక్కడి మగ్గం పనివాళ్లంతా అలాగే చేస్తారు.

పైన గుడ్డ తెల్లగా ఉంది. వెనక నల్లటి బూజు. వేలు పెడితే పొడి రాలింది. దెబోరాకు దగ్గు తెర ఎత్తుకుంది.

"ఏం దాచినవ్ మామా ఆడ?"

"దాచుడేంది. నేనే అతికిచ్చిన." అతను దగ్గుతున్న పిల్లను, గోడ మీది బూజును మార్చి మార్చి చూశాడు. "పిల్లను పెంటవ్వ ఇంట్ల కూసోవెట్టు, పో."

పెంటవ్వది పక్క గది. లీదియా పిల్లను దించి వచ్చి వాకిట్లో నిలబడింది. అతను ముక్కుకు తువ్వాలు కట్టుకుని పొరలన్నీ ఒలిచాడు. గోనెసంచిలో కుక్కి దూరంగా పారేసి వచ్చాడు. గోడ గీకాడు. బజారుకు పోయి సున్నం తెచ్చి రెండుసార్లు పూశాడు. మధ్యాహ్నం అయింది. నిద్ర లేదు.

"జర పండుకో మామా," అంది లీదియా.

"సున్నం ఆరాలె. దినాం తలుపు తీసిపెట్టు. మళ్ల గోడకు గుడ్డ అతికియ్యకుండ్రి."

పెట్టె భుజానికెత్తుకున్నాడు. దెబోరా పెంటవ్వ గడపలోంచి చూసింది.

"తాతా, వాపస్ ఎప్పుడొస్తవ్?"

అతను పిల్ల తల మీదికి చెయ్యి చాపి, లీదియా వైపు చూసి, వెనక్కి తీసుకున్నాడు. ఊరి బయట కాశేలి గోదాముల వైపు పోయే లారీ ఎక్కాడని పెంటవ్వ తర్వాత చెప్పింది.

పై వారం ఆదివారానికి దెబోరా రాత్రంతా పడుకుని నిద్రపోయింది. ఏసుదాసు ప్రార్థనకు పోకుండా కాశేలి వెళ్లాడు. గోదాముల దగ్గర అడిగాడు. కనుకయ్య అనే మనిషి ఎవరికీ తెలియదు.

గది బయట కనుకయ్య వదిలిపోయిన సున్నపు డబ్బా ఉంది. అందులో కుంచె గట్టిపడి నిలబడి ఉంది.