చెరువుమెరక నిలువురాయి

2024 ఫిబ్రవరి 17, శనివారం, ఉదయం. మాధవరం అవతలి చెరువుమెరకమీద ముగ్గురున్నారు: పురావస్తు పరిశీలకుడు కోదండరాం, అక్కడ లేఅవుటు వేస్తున్న శివరామ్, అతని మేనత్త తాయారు.

వారి ఎదుట నిలువెత్తు రాయి. దాని వెనక, పోరంబోకు స్థలంలో, తాయారు ఇల్లు. ఆ రాయి చరిత్రకు పూర్వపు సమాధిరాయి అనీ, నాటినచోటే ఉందనీ తేలితే శివరామ్ రోడ్డు ఆగుతుంది, ఇల్లు మిగులుతుంది. తేలకపోతే రాయీ ఇల్లూ రెండూ పోతాయి.

కోదండరాం రాతిని తడిమి, పాతదే కావచ్చునన్నాడు. తాయారు ముఖం విప్పారింది.

శివరామ్ వంగి రాతి మొదలు చూశాడు. "ఈ సిమెంటు దిమ్మె ఎవురు కట్టిందత్తా? కోయిల్ మాదిరి ఉండాదే."

"మీ మామే రా. ఆడ, చెరువులోపల ఒరిగి పడుండె. మేకల్ని కట్టేస్తా ఉండిరి. సామిని అట్ల ఇడుస్తామా? క్రేను పెట్టి ఈడికి తెచ్చి, తూర్పు మొహంగా నిలబెట్టి, కుంభాభిషేకం చేసినాము. ఊరికంతా సాపాటు."

"ఆడ రాతికింది గుంట?"

"పూడ్చేసినాము. దానిమీద అపార్ట్‌మెంటు లేసిందే."

"సార్‌కి ఇంకోతూరి చెప్పు. గట్టిగా."

ఆమె గట్టిగానే చెప్పింది; ఈసారి కుంభాభిషేకం చేయించిన అయ్యరు పేరు కూడా చేర్చింది.

కోదండరాం రాయడం ముగించి తలెత్తాడు. "అమ్మా, ఇలాంటి రాయి కాలం దాని కింది గుంట చెబుతుంది. ఆ గుంట లేదు. తెచ్చి నిలబెట్టిన రాతిని నేను స్మారకమని రాయలేను."

"సామి కదా సార్."

"అది నా శాఖ కాదు."

"రాతికి పసుపు తగ్గించి పుయ్యాల్సిందత్తా," అన్నాడు శివరామ్. "జేసీబీ పట్టుకుంటే జారిపోతాదేమో."

తాయారు రాతివైపు కాక ఇంటివైపు చూసింది. తలుపు తీసే ఉంది.

"ఇల్లో రా?"

"వచ్చే శుక్రవారం పూజ చేసుకో. తరవాత సామాను ఎత్తు."

కోదండరాం ఆమె వాంగ్మూలం రాసిన కాగితం ముందుకు జరిపాడు. ఆమె పెన్ను తీసుకోలేదు.

"ఆయన పేరు రాసినారా?"

"రాశాను. రాతిని తరలించినవారు, మునిస్వామి నాయుడు."

ఆమె కాగితం కళ్ళకు దగ్గరగా పట్టుకుని, భర్త పేరు దొరికేదాకా వేలితో వెతికింది. పేరు తప్పులేకుండా ఉంది. దాని కిందనే సంతకం చేసింది.

శివరామ్ సాక్షిగా సంతకం పెట్టాడు. కోదండరాం సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో పెట్టుకున్నాడు.