కాళ్ళ తాడు

అమలాపురం వకీలు బాలగంగాధరంగారు వారపత్రికలో రాసే హత్యల సీరియళ్ళన్నీ దొరల కాలం నాటి కోర్టుల్లోనే నడుస్తాయి. దొరలు వెళ్ళిపోయారు, చచ్చినవాళ్ళు చచ్చారు, పరువునష్టం దావా వేసేవాడెవడూ లేడని ఆయన ధీమా.

1978లో రాస్తున్న సీరియల్లో కొబ్బరిచెట్టు కింద శవం దొరికింది. కాయలు దింపుతూ జారిపడ్డాడని ఊరంతా అన్నారు. కథలోని ప్లీడరు మాత్రం "చెట్టెక్కేవాడు కాళ్ళకు తగిలించుకునే తాడేదీ?" అని అడిగి, అది హత్యేనని తేల్చేశాడు.

ఆ సంచిక వచ్చిన మర్నాడే వీరాయమ్మ అనే ఆవిడ ఆయన ఆఫీసుకొచ్చింది. కొంగు విప్పి, అరిగిపోయిన తాడొకటి బల్లమీద పెట్టింది.

"మా ఆయన సత్తిబాబుదండీ. పోయినేడాది చెట్టుమీంచి పడి చచ్చిపోయేడన్నారు. ఆ రోజు ఇది మా ఇంట్లో మేకుకే ఉందండీ. ఇదేం సాక్ష్యమని పోలీసోళ్ళు పొమ్మన్నారు. టీకొట్టు దగ్గర ఎవరో మీ కథ చదువుతుంటే విన్నానండీ. మీ ప్లీడరుగారు అడిగినట్టే మీరూ కోర్టులో అడగండి బాబూ."

"ఎవరి తోటలో?"

ఆమె చెప్పిన పేరు వినగానే బాలగంగాధరంగారు తాడును ఆమెవైపు జరిపారు. ఆ ఆసామి వ్యాజ్యాలన్నీ నడిపేది తనే.

"అది కథమ్మా. డెబ్భై ఏళ్ళ కిందట జరిగినట్టు కల్పించి రాశాను."

"ఆయ్." వీరాయమ్మ తాడు మళ్ళీ కొంగున కట్టుకుంది. "అయితే ఇంకో డెబ్భై ఏళ్ళు దీన్ని దాస్తామండీ. అప్పటికి మా ఆయన గురించి కూడా ఎవరో ప్లీడరుగారు రాస్తారు కదండీ."