తిల్లి చెప్పిన చలికాలం

మంచు కోసం లొట్టలేసే మగవాళ్ళను ప్రతి గురువారం నా వంటింట్లోనే చూస్తాను. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, మా ఆయన ఎయ్నో పొయ్యి పక్క బల్ల మీది సామానంతా తీసి అవతల పారేస్తాడు. తర్వాత ముగ్గురు దిగుతారు. బురద బూట్లు గడప దగ్గర విప్పమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! వినరు. నేను తుడిచిన నేల మీద టపటపా నడుచుకుంటూ వచ్చి కూర్చుంటారు.

లెంబిట్ మాస్టారు బడిలో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఇంటికి నాలుగు గోడలుంటే నాలుగింటికీ థర్మామీటర్లు తగిలించాడు. ఆర్వెద్ వోరు పట్నానికి బస్సు నడిపేవాడు. కైడో టార్టులో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ, వారానికో రోజు ఈ ముసలాళ్ళ కోసం కారేసుకుని వస్తాడు. మా ఆయనతో కలిపి నలుగురు. మా ఊరు హాన్యా కదా, వీళ్ళు హాన్యా వాతావరణ మిత్రులట. పేరు మాత్రం ఘనంగా పెట్టుకున్నారు.

"ఈ ఏడు రోవన్ చెట్లు చూశారా, పండ్లు విరగకాశాయి! కొమ్మలు నేలకానుతున్నాయి. మంచు దంచి కొట్టాల్సిందే," అన్నాడు ఆర్వెద్, నా యాలకుల రొట్టె నోట్లో కుక్కుకుంటూ.

"పోయినేడూ విరగకాశాయి కదయ్యా," అన్నాను. "మార్చి దాకా బురదే తొక్కాంగా."

"అదేంటి వదినా, పోయినేడు మంచు పడలేదా ఏంటి? ఏప్రిల్లో పడింది. పడుతుందన్నాం, పడింది. ఫలానా నెలలో అని మేమెప్పుడైనా అన్నామా?"

నలుగురూ పగలబడి నవ్వారు. వీళ్ళతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. చీమలు పుట్ట ఎత్తుగా పెడితే చలి, పెట్టకపోతే అవి భయపడి లోతుకు పోయాయి కనుక ఇంకా చలి. ఉల్లిపాయకు పొరలెక్కువైతే చలి. మా పిల్లి పొయ్యి దగ్గర పడుకుంటే చలి. అది ఎండాకాలంలోనూ అక్కడే పడుకుంటుందని చెప్పినా వినిపించుకోరు.

కైడో కంప్యూటర్ తెరిచి పటం మీద నీలం మరకలు చూపించాడు. "ధ్రువం మీద గాలి జనవరిలో చెదిరిందనుకోండి, రష్యా చలి మొత్తం మన నెత్తినే. మైనస్ ముప్ఫై! రాసిపెట్టుకోండి."

మైనస్ ముప్ఫై అనగానే ఆ నలుగురి ముఖాలూ చూడాలి! వేపుడు వాసన తగిలిన కుక్కల్లా అయిపోయారు. ఛీ. ఆ మైనస్ ముప్ఫైలో కట్టెలు మోసేది నేను. గడ్డకట్టిన గొట్టాల మీద వేడినీళ్ళ గుడ్డలు చుట్టేది నేను. వీళ్ళు కిటికీ దగ్గర కూర్చుని అంకె చూసి చంకలు గుద్దుకుంటారు.

ఇంతా చేసి వీళ్ళ అసలు నమ్మకం రోవన్ పండ్ల మీదా కాదు, కంప్యూటర్ మీదా కాదు. పంది తిల్లి మీద. అదేనండీ, ప్లీహం. పందిని కోసినప్పుడు కడుపు పక్కన నాలుకలా పొడవుగా వస్తుందే, అది. తల వైపు కొస చలికాలం మొదలు, తోక వైపు కొస చివర. ఎక్కడ మందంగా ఉంటే అప్పుడు చలి, ఎక్కడ పలచబడితే అప్పుడు చలి తేలిక. మా తాతల నాటి నుంచీ అందరూ చూసేదే. అయితే మా తాత పందిని కూర కోసం కోసి, చెయ్యి కడుక్కుంటూ తిల్లి వైపు ఓ చూపు చూసేవాడు. తిల్లి కోసం పందిని కొయ్యాలనే తెలివి ఆయనకు పుట్టలేదు.

"మరి ఈ ఏడు తిల్లి ఎక్కడిది?" అని అడిగాడు లెంబిట్ మాస్టారు.

నలుగురి చూపులూ కిటికీలోంచి మా దొడ్డి మీదికి పోయాయి.

"ఆ చూపులు అక్కడే ఆపండి," అన్నాను.

దొడ్డిలో ఉన్నది రూసి. ఊరు మొత్తానికి ఇంట్లో పెరిగిన పంది అదొక్కటే. పందుల జ్వరం వచ్చిన ఏడాది తెల్ల తొడుగులు వేసుకున్న మనుషులు లారీలతో వచ్చి మా వీధిలో ఒక్కో దొడ్డీ ఖాళీ చేసుకుంటూ పోయారు. ఆ రోజు ఆడవాళ్ళం తలుపులేసుకుని చెవులు మూసుకున్నాం. తర్వాత మళ్ళీ పంది తెచ్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేనే మొండికేసి, అనుమతి కాగితాలన్నీ సంపాదించుకుని, దొడ్డికి రెండు వరసల కంచె వేయించి రూసిని పిల్లగా తెచ్చుకున్నాను. ఈనితే ఇంటికో పిల్ల ఇస్తానని వీధిలో అందరికీ మాటిచ్చాను. ఎదురింటి వైకె ఆత్రం పట్టలేక అప్పుడే దొడ్డికి సున్నం కూడా కొట్టేసుకుంది.

కానీ రూసికి చూలు నిలవలేదు. పశువుల డాక్టరమ్మ రెండుసార్లు చూలు సూది వేసింది, రెండుసార్లూ దండగైంది. ఆకులు రాలే ముందు మూడోసారి వేసింది. అప్పట్నుంచి రూసి ఎదకు రాలేదు. తిండి మీద యావ పెరిగింది, దగ్గరకు పోతే ఒళ్ళంతా నా మీద వాల్చి నిలబడేది. నాకు నమ్మకం కుదిరింది.

"ఫారం నుంచి తెచ్చుకోండయ్యా తిల్లి, బుట్టల కొద్దీ ఇస్తారు," అన్నాను.

లెంబిట్ మాస్టారు నా వైపు జాలిగా చూశాడు. "ఫారం పందికి ఆకాశం తెలుసా అమ్మా? ట్యూబులైటు కింద పుట్టి ట్యూబులైటు కింద చచ్చేది. దాని తిల్లిలో ఏముంటుంది? లైట్లు ఆర్పే టైమా?"

"వదినా, చలికాలం జోస్యం చెప్తామని రేడియోవాళ్ళకు మాటిచ్చేశాం," అన్నాడు ఆర్వెద్. "వచ్చే గురువారం మధ్యాహ్నం వాళ్ళే ఫోన్ చేస్తారు. పక్క పరగణావాళ్ళు చీమల పుట్టలు కొలుచుకుని కూర్చున్నారు. మనకంటే ముందు వాళ్ళు చెప్పేస్తే మన పరువేం కాను?"

"మీ పరువు నా పంది కడుపులో ఉందా?"

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు. అదిగో, అక్కడే నాకు ఒళ్ళు మండింది. నలుగురిలో ఉన్నప్పుడు ఆ మనిషికి వేరే గొంతు వస్తుంది. "అది గొడ్డుపోయిందే హెల్యూ. రెండుసార్లు చూశాం. ఎట్లాగూ కొయ్యాల్సిందేగా. నవంబరులో మార్ట్ పండక్కి ముందో వెనకో, అంతే తేడా."

"మూడోసారి నిలిచింది. నేను రోజూ పందిని చూస్తున్నా, నువ్వు రోజూ థర్మామీటర్ చూస్తున్నావ్. వచ్చే వారం శుక్రవారం డాక్టరమ్మ వస్తుంది. చూడిది కాదని ఆవిడ అంటే నేనే కత్తి నూరిస్తా. అప్పటిదాకా దాని మీద చెయ్యి పడిందో, చూడు మరి!"

"సరేలేవే, ఆ శుక్రవారం దాకా ముట్టుకోను. చాలా?"

అందరి ముందూ అన్నాడు. లెంబిట్ మాస్టారు ముఖం మాడ్చుకుని టోపీ పెట్టుకున్నాడు. నేను ఆ మాట నమ్మాను. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి మాట నమ్మక ఏం చేస్తాను?

రేడియోవాళ్ళు ఫోన్ చేసే ఆ గురువారమే వోరులో మా చెల్లెలి కంటికి కట్టు విప్పే రోజు. పొద్దున బస్సుకు పోతూ రూసికి ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెట్టి, చెవి వెనక గోకి వెళ్ళాను. మధ్యాహ్నం బస్సు దిగేసరికి సన్నగా వాన. నవంబరులో వసంతంలా వెచ్చగా ఉంది, దారంతా చిత్తడి. మా గేటు ఇంకా కాస్త దూరం ఉండగానే ముక్కుకు వాసన తగిలింది. కాలిన వెంట్రుకల వాసన.

పరిగెత్తానో నడిచానో తెలియదు. ఇంటి వెనక పాక గోడకు నిచ్చెన ఆనించి ఉంది. దాని మీద రూసి తలకిందులుగా, రెండుగా చీల్చి, తెల్లగా గీకి. కింద నెత్తురు వానలో కలిసి గుమ్మం దాకా పారింది. గోడ వార గోనె కప్పిన బకెట్ ఒకటి ఉంది. గోనె ఎందుకు కప్పారో నాకు అప్పుడే అనుమానం వచ్చింది. తీసి చూశాను.

చూసి మళ్ళీ గోనె కప్పేశాను.

వంటింట్లోంచి వాదులాట వినిపిస్తోంది. లోపలికి వెళ్ళేసరికి నలుగురూ బల్ల చుట్టూ వంగి ఉన్నారు. నేను రై రొట్టె కోసే చెక్క మీద, నా చెక్క మీద, ఆ తిల్లి పరిచి ఉంది. ఇంకా ఆవిరి వస్తున్నట్టుంది. లెంబిట్ మాస్టారు భూతద్దం పెట్టి, దాన్ని వేలితో తడుముతున్నాడు. అదే వేలితో మధ్యలో కాఫీ కప్పు ఎత్తుకుని తాగుతున్నాడు.

"ఇది తల వైపయ్యా బాబూ!"

"కాదు మాస్టారూ, నేను చేత్తో తీశాను, నాకు తెలీదా? ఇది తోక వైపు," అన్నాడు ఆర్వెద్.

"అబ్బబ్బ, ఎటు తిప్పినా మందంగానే ఉంది కదా," అన్నాడు కైడో. "నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చలే చలి! నా చార్టుకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది." ఫోన్ పైకెత్తి దాన్ని ఫొటో తీశాడు.

ఎయ్నో నన్ను చూశాడు. వెంటనే కళ్ళు దించుకున్నాడు.

"వదినా, వచ్చేశావా!" అన్నాడు ఆర్వెద్, మరీ గట్టిగా. "కాలేయం నీ కోసం పక్కన పెట్టాం. లేత కాలేయం."

బయటికి వెళ్ళి ఆ బకెట్ తెచ్చి, తిల్లి పక్కన, వాళ్ళ కాఫీ కప్పుల మధ్య, ధడేలుమని పెట్టాను. గోనె లాగేశాను.

"దీన్ని కూడా చదవండి," అన్నాను.

అరచేతిలో పట్టేంత పిల్లలు. ఇంకా వెంట్రుక మొలవలేదు. ముక్కు మాత్రం అచ్చం పంది ముక్కే, చిన్న చిన్న గిట్టలు కూడా వచ్చేశాయి. ఎయ్నో కుర్చీలో వెనక్కి జరిగాడు. కైడో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలుపు దగ్గరికి పోయాడు. మైనస్ ముప్ఫై వీరుడు.

"కోశాకే తెలిసింది వదినా, ఒట్టు," అన్నాడు ఆర్వెద్. "అప్పటికి ఏం చేస్తాం చెప్పు? నువ్వు చూస్తే బాధపడతావని గోనె కప్పాం."

"నా బాధ కోసం కప్పారా?"

లెంబిట్ మాస్టారు మాత్రం బకెట్‌లోకి వంగి చూస్తున్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. చదువుకున్న మనిషి, పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, ఆయనకైనా మనసు కదిలిందని ఒక్క క్షణం అనుకున్నాను.

"ఆర్వెద్! ఇది చూడి పందని నాతో చెప్పవేం?" అని అరిచాడు. "చూడి పంది తిల్లి లెక్కలోకి రాదయ్యా! పిల్లల వల్ల ఉబ్బిందో, చలి వల్ల ఉబ్బిందో ఎట్లా తెలుస్తుంది? మొత్తం చెడగొట్టారు కదరా! టైమెంతయింది? ఊళ్ళో ఇంకెవరింట్లోనైనా పంది ఉందా?"

థూ. మనిషి అన్నవాడు అడిగే మాటేనా అది? నాకొచ్చింది కోపం కూడా కాదు, అసహ్యం. ఇన్నేళ్ళుగా ఈ బల్ల మీద వీళ్ళకు కాఫీలు పోసిన చేతుల మీద అసహ్యం.

"ఉండేవి మాస్టారూ," అన్నాను. "లెక్కపెట్టుకోండి. పదకొండు. ఈ చలికాలం పోతే పదకొండు ఇళ్ళల్లో ఉండేవి. ఆకాశం చూసిన పందులు. మీరు చచ్చేదాకా కావలసినన్ని తిల్లులు. అవన్నీ ఇదిగో, ఈ బకెట్‌లో ఉన్నాయి."

ఆ మాట ఆయనకు ఎక్కింది. ఎక్కిందని నాకు తెలుసు, ఎందుకంటే మొదటిసారి బకెట్‌లోకి సరిగ్గా చూశాడు. నోరు తెరిచాడు.

అప్పుడే బల్ల మీది ఫోన్ మోగింది. రేడియోవాళ్ళు.

మూడో మోతకు లెంబిట్ మాస్టారు వేళ్ళు ప్యాంటుకు తుడుచుకున్నాడు. కాలరు సర్దుకున్నాడు, ఫోన్‌లో కాలరు కనబడుతుందన్నట్టు. "హలో, నమస్కారమండీ," అన్నాడు, గొంతులో తేనె పోసుకుని. "చూశామండీ, ఇప్పుడే చూశాం. చాలా స్పష్టంగా ఉంది. అసలు ఇంత మందమైన తిల్లి నా జీవితంలో చూడలేదు."

ఎయ్నో లేచాడు. నా ముఖం చూడకుండా బకెట్ తీసుకుని బయటికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను, ఎక్కడైనా పారేసి వస్తాడేమోనని. పారెయ్యలేదు. పాకలోంచి పార తెచ్చి కంచె పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. వాన పెద్దదైంది. నేల వెన్నలా ఉంది, పార మొత్తం దిగిపోతోంది.

తెరిచిన తలుపులోంచి మాస్టారి గొంతు వస్తోంది. "క్రిస్మస్‌కల్లా నేల గట్టిపడుతుందండీ. గునపం కూడా దిగదు. అందరూ కట్టెలు సిద్ధం చేసుకోండి."

"హెల్యూ," అన్నాడు ఎయ్నో. "గొడ్డుపోయిందనే అనుకున్నానే. నిజంగా."

"అనుకోలేదు. రేడియోలో నీ పేరు చెప్తారనుకున్నావ్. లోతుగా తవ్వు, నక్కలొస్తాయి."

రోడ్డు అవతల తలుపు చప్పుడైంది. వైకె కొంగలా కాళ్ళెత్తి బురద దాటుకుంటూ కంచె దగ్గరికి వచ్చింది. దొడ్డి పనిలోంచి వచ్చినట్టుంది, మోచేతుల దాకా సున్నం. నిచ్చెన ఇంటి వెనక ఉంది, ఆమెకు కనబడలేదు.

"పొగ కనబడితే వచ్చా," అంది. "డాక్టరమ్మ రేపు కదా వచ్చేది? ఏమైందే, చూలు నిలిచిందంటావా? వానలో ఏంటయ్యా ఎయ్నో, ఆ తవ్వడం?"

ఎయ్నో నా వైపు చూశాడు. ఎప్పుడు తలనొప్పి వచ్చినా అలాగే చూస్తాడు, నేనే మాట్లాడి గట్టెక్కిస్తానని.

"నన్ను చూడకు," అన్నాను. "ఆమె అడుగుతోంది నిన్ను. నీ నోటితోనే చెప్పు."