పదకొండు సెకన్ల రుక్మణి

ఆ వీడియో మొత్తం పదకొండు సెకన్లు. తమిళనాట తెలుగువాళ్ళుండే రాజపాళయంలో సగం ఊరు దాన్ని చూసేసింది, రుక్మణి ఒక్కతే చూడలేదు. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందులో మాట తప్ప బొమ్మ రాదు.

బొమ్మ చూడకపోయినా సంగతి మాత్రం చెవిన పడింది. శనివారం పొద్దున ఎప్పటిలాగే చంద్రమ్మ ఇంటికి వంటకు వెళితే, ఆవిడ వంటింటి గడప దాటనివ్వలేదు. చంద్రమ్మ వాళ్ళది నూలు మిల్లు ఉన్న రాజుల ఇల్లు. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేది రుక్మణే. ఆవిడ కోప్పడలేదు, అరవలేదు. నువ్వు సుదర్శన సరుకుల అంగడిలో బెల్లం దొంగిలించి కొంగున కట్టుకున్నావని ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదు అని మెల్లగా చెప్పింది. అది దొంగతనం కాదని సుదర్శన ఫోను చేసి ఒక్క మాట చెబితే చాలు, వచ్చి నీ పని నువ్వు చేసుకో అంది. చెప్పకపోతే ఏమిటన్నది ఆవిడ అనలేదు.

అనక్కర్లేదు కూడా. దొంగ అని ఒక ఇంట్లో మాన్పిస్తే ఈ ఊళ్ళో ఇంకో ఇంట్లో గరిటె చేతికివ్వరు. ఊరు ఒక్కటే, గ్రూపూ ఒక్కటే. మొగుడు పోయాక రుక్మణి తలదాచుకున్న అద్దె గది, తినే రెండు పూటల తిండి అన్నీ ఆ గరిటె మీదే నడుస్తున్నాయి.

అయినా వీధిలోకి వచ్చేసరికి ఆమెకు భయం కంటే ముందు నవ్వొచ్చింది. బెల్లం దొంగతనమేమిటి? అది కొసరు కదా!

సుదర్శన నాన్న శ్రీనివాసన్ కాలం నుంచి ఆ అంగడికి ఒక పద్ధతి ఉంది. పప్పో బియ్యమో తూచి కట్టాక, కొసరు కింద ఒక బెల్లం ముక్క. అంగడివాడు ఇవ్వడు, కొన్నవాళ్ళే బుట్టలో చెయ్యి పెట్టి తీసుకోవాలి. నేనిస్తే చిన్న ముక్క ఇచ్చానని లోపల తిట్టుకుంటారు, మీ చేత్తో మీరే తీసుకోండమ్మా అనేవాడు ఆ పెద్దాయన. అడిగి తీసుకుంటే మాత్రం ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చేది. మీకు రావలసినదాన్ని అడుక్కుంటారెందుకు అని కసిరేవాడు. అందుకే ఆడవాళ్ళు ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ, ఎటో చూస్తూ, ఒక ముక్క తీసి కొంగున ముడేసుకునేవాళ్ళు. రుక్మణి కాపురానికి వచ్చిన ఏడాది నుంచి ముప్పై నాలుగేళ్ళు అలాగే ముడేసుకుంది.

పెద్దాయన పోయాడు. చెన్నైలో చదివి అక్కడే ఉద్యోగం చేసిన మనవడు, సుదర్శన కొడుకు కన్నన్ తిరిగొచ్చి అంగడి రూపమే మార్చేశాడు. అద్దాల తలుపు, ఇనుప అరలు, బిల్లు మిషను, నాలుగు మూలలా నాలుగు కెమెరాలు. తూకం పోయి పొట్లాలొచ్చాయి. బెల్లం బుట్ట ఒక్కటి ఎందుకో మిగిలిపోయింది. బుట్ట ఉంది గనక పద్ధతీ ఉందనుకుంది రుక్మణి. కెమెరాలు పెట్టామని బోర్డు పెట్టారు గానీ కొసరు ఎత్తేశామని ఎవరూ పెట్టలేదు. ఆ బోర్డు చూసి, మంచి పని చేశారు, దొంగలకు భయముంటుంది అని మెచ్చుకున్నవాళ్ళలో ఆమె కూడా ఉంది.

నేరుగా అంగడికే నడిచింది. కన్నన్ బిల్లులు కొడుతున్నాడు. పక్కన కుర్చీలో సుదర్శన ఊరికే కూర్చుని ఉన్నాడు. ఇప్పుడాయనకు అక్కడ కూర్చోవడమే పని. బ్యాండేజీ బట్టల గోదాములో మడతలు పెట్టే సెల్వి, మిల్లులో రిటైరైన పెరియసామి, ఇంకో ఇద్దరు సామాన్లు పట్టుకుని నిలబడ్డారు.

"అన్నా, చంద్రమ్మకు ఒక ఫోను వెయ్యన్నా," అంది రుక్మణి. "అది కొసరని చెప్పు. నీకు తెలుసు కదా."

సుదర్శనకు తెలుసు. తెలియదని ఎలా అంటాడు, ఆ బుట్ట పక్కనే పెరిగినవాడు! కానీ గ్రూపులో పెట్టింది కన్నకొడుకు. ఇప్పుడు తెలుసంటే ఊరందరి ముందు కొడుకు తల దించుకోవాలి. ఆయన కొడుకు వైపు చూశాడు.

కన్నన్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. మర్యాదగానే మాట్లాడాడు. "అత్తా, నేనేం కల్పించి పెట్టలే. కెమెరాలో ఉండేదే పెట్టినాను. నువ్వే చూడు, నువ్వే చెప్పు," అని కెమెరా బొమ్మలు కనిపించే టీవీ ఆమె వైపు తిప్పాడు.

చూడనీ, చూస్తే అందరికీ తెలిసిపోతుంది అనుకుంది రుక్మణి. అబద్ధం చెప్పడం కెమెరాకు రాదని ఆమె కూడా నమ్మింది.

టీవీలో ఒక ముసలిది కనిపించింది. నడినెత్తిన జుట్టు పలచబడిందని రుక్మణికి అప్పుడే తెలిసింది. ఆ ముసలిది కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. పెదాలు ఏదో గొణుక్కున్నాయి. చెయ్యి చటుక్కున బుట్టలోకి పోయి వచ్చింది. కొంగు ముడి పడింది. అంతే.

ఆ రోజు మంసాపురంలో చెల్లెలి ఇంటికి పోవాలి, బస్సొస్తుందేమోనని రోడ్డు వైపు చూశానని రుక్మణి చెప్పింది. గొణగలేదు, సుదర్శన అన్నతోనే మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడుతున్నానంది. కానీ బొమ్మలో బస్సూ లేదు, సుదర్శన కుర్చీ ఉన్న మూలా లేదు. కెమెరాకు చెవులు అసలే లేవు. కన్నన్ మళ్ళీ వేశాడు. తప్పు చెయ్యనివాళ్ళకు కెమెరా అంటే భయమెందుకు, అది వచ్చాకే అంగళ్ళు బాగుపడ్డాయి అని పెరియసామి తనలో తాను అనుకున్నట్టే అందరికీ వినిపించేలా అన్నాడు.

రుక్మణి సెల్వి వైపు తిరిగింది. "నువ్వూ తీసుకుంటివి కదే. నీ బిడ్డకు నా ముందరే పెడ్తివి కదే."

సెల్వి తన సంచిలోకి చూసుకుంది. "అది ఆ కాలం అక్కా. ఇప్పుడు కెమెరా ఉండాది కదా."

మూడోసారి వేశాడు. ఈసారి రుక్మణి కూడా బొమ్మనే చూసింది. ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసింది. ఇటూ అటూ ఆ చూపేమిటి? చెయ్యి అంత తొందరగా ఎందుకు పోవాలి? ముడి అంత గట్టిగా ఎందుకు వెయ్యాలి? ఆమె వంటింట్లోకి ఇలాంటిది వస్తే ఆమె కూడా డబ్బాలు లెక్కపెట్టుకునేది. ముప్పై నాలుగేళ్ళూ తను ఇలాగే కనిపించిందా? పెద్దాయన నిజంగానే మీరే తీసుకోండి అన్నాడా, లేక తనే అలా అనుకుందా? ఇంక ఆ బొమ్మ ఆగిపోతే చాలనిపించింది. ఆగడానికి ఏం చెప్పమంటే అది చెప్పాలనిపించింది.

"చూస్తే నాకే దొంగ మాదిరి ఉండాది," అంది. "తప్పయిపోయింది అన్నా. మన్నించు."

అంగడిలో అందరికీ ఊపిరి తిరిగింది. సుదర్శన గబుక్కున లేచాడు. కాదమ్మా, అది మా నాయన పెట్టిన పద్ధతి అని ఆయన అనాల్సిన క్షణం అదే. ఆయన గొంతులో ఆ మాట కదిలింది కూడా. కానీ ఆమే ఒప్పేసుకుంది. ఆయన ఎవరినీ తప్పు పట్టక్కర్లేకుండా పోయింది. జేబులోంచి ఫోను తీశాడు.

"చంద్రమ్మా, సుదర్శన మాట్లాడ్తుండాను. రుక్మణి వచ్చింది. అందరి ముందర ఒప్పుకునింది, మన్నించమని అడిగింది. పావం, మాకేం కోపం లేదు. మీరూ పెద్ద మనసు చేసుకోండి."

అవతల చంద్రమ్మ ఏమందో రుక్మణికి వినబడలేదు. సుదర్శన సరి, సరి అంటూ విన్నాడు. ఫోను పెట్టేసి, మంచి పని చేసినవాడి గొంతుతో చెప్పాడు.

"పోలీసు గీలీసు ఏం లేదంట అమ్మా. వాళ్ళింట్లో ఉండే నీ మార్పు చీర, తిండి గిన్నె గేటు దగ్గర పెట్టిస్తారంట. లోపలికి రాకుండా అక్కడే తీసుకొని పొమ్మన్నారు."

రుక్మణి ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, అద్దాల తలుపు తోసుకుని మెట్లు దిగింది.