ఏడో తారీఖు బండి

నల్లగొండలో ఒక ట్రస్టు ఆఫీసు. ఊళ్లలోని గుండె రోగులను ఆపరేషన్‌కి హైదరాబాద్ తీసుకుపోయే బండి వాళ్లది. ఏ రోజు ఎవరింటి ముందు ఆగాలో ఆ బండికి జాబితా ఇచ్చేది మమత రాసిన షెల్ స్క్రిప్టు, ఒక చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం. తేదీని తనిఖీ చేయడానికి అందులో ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే రాత ఎలా ఉండాలో చెప్పే అచ్చు, పెట్టింది: రోజుకు రెండంకెలు, నెలకు రెండంకెలు, సంవత్సరానికి నాలుగు. అందులో ఇమడని వరుసలు తప్పుల ఫైలులో పడతాయి. చెత్త పోయింది, పీడా పోయింది అనుకుంది పిచ్చిపిల్ల. ఆ ఫైలు ఒక్కనాడూ తెరవలేదు.

తెరిచేనాటికి లింగస్వామి దినాలు కూడా అయిపోయాయి. సొంత ఊరివాడు, వరసకు పెదబాపు. ఆ ఫైలులో అతని పేరు పక్కనున్న తేదీ చూసింది మమత. 7-2-2023. ఊళ్లో వివరాలు రాసే స్వరూప ఒంటి అంకె ముందు సున్నా పెట్టదు. ఊళ్లో ఎవరు పెడతారు గనుక? సున్నాకేం విలువ అనే లోకం మనది. మిషన్‌కి మాత్రం సున్నా లేకపోతే మనిషే లేడు. మమత పరీక్షించి చూసిన తేదీలన్నీ అక్టోబరు, నవంబరు నెలల పద్నాలుగులూ ఇరవై రెండులూ.

ఆ అచ్చులో రోజు మొదటి అంకెకు రాసిన [0-3] పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టింది. ఆ అంకె ఉన్నా సరే, లేకున్నా సరే అని దానర్థం. నెలకూ అలాగే పెట్టింది. అర నిమిషం పట్టలేదు. అంతే పని కదా అని బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. వెంటనే ఊరి బస్సెక్కింది.

లింగస్వామి భార్య నర్సింగమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. మమతను చూడగానే ఆమే మొదలుపెట్టింది.

"ఆ దినం పొద్దుగాల్నే తానం జేసి తెల్లబట్టలు కట్టి రోడ్డు మీద కూసుండు బిడ్డా. బండి రాలె. ఆటోల పోదాం పా అంటే ఇనలె. 'మన మమత రాసిన లిస్టు తప్పిపోదు, జర ఆలస్యమైతాంది గంతే' అన్నడు. నీకు ఫోన్ జేస్తనంటే, పిల్ల పనిల ఉంటది, తంగ్ జెయ్యకు అన్నడు. పొద్దుగూకినంక ఇంట్లకొచ్చిండు. మూడో దినం పాయె."

"లిస్టుల పెదబాపు పేరు లేకుండె పెద్దమ్మా. నేను రాసిన ప్రోగ్రామే తీసేసింది. తప్పు నాది."



"దేవుడు తీస్కపోయిండని ఆ దేవుణ్ణే తిట్టుకుంట బతుకుతున్న. ఇప్పుడు సంకనెత్తుకున్న పిల్లను తిట్టాల్నా?"

"తిట్టు పెద్దమ్మా."

ఆమె తిట్టలేదు. "గిట్ల పేరు తీసేసినోళ్లు ఇంకెందరున్నరు?" అని అడిగింది.

"పదముగ్గురు."

"ఫోన్ జేసినవా?"

"ఇంక లే పెద్దమ్మా. సీదా నీ దగ్గరికే వచ్చిన."

"మరి ఈడికి ఏడ్వనీకొచ్చినవా? చెయ్యి. ఇంకో ఇంటి ముంగట ఎవరన్న గిట్లనే కూసున్నరేమో."

ఆ పదముగ్గురిలో మొదటి పేరు ఉప్పలమ్మ. నాలుగుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. మనిషి బతికే ఉందా అని ఎలా అడగాలో మమతకు తెలియలేదు. నర్సింగమ్మ చేయి చాచి ఫోను తీసుకుంది.

"ఉప్పలమ్మ ఉన్నదా బిడ్డా?" అని తనే అడిగింది.